పైకి పోవాల్సిన లిఫ్ట్

“ఒక్క మనిషి ఉన్న లిఫ్ట్ కిందికి పడదు మేడమ్. బ్రేక్ వదిలితే అది పైకి పోతది.”

రాసుకుంటున్న బ్యూలా పెన్ను ఆగిపోయింది.

“ఇంకోసారి చెప్పు.”

“పైకి పోతది. నిన్న బోయిగూడల కిందికి వచ్చింది. నా బ్రేక్ గురించి అందరూ అడుగుతున్నరు. ఈ సంగతి మాత్రం ఒక్కరూ అడుగుతలేరు.”

ఎదుట కూర్చున్న హిమజకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఒక లిఫ్టుల కంపెనీలో సర్వీస్ ఇంజనీరు. ఆ కంపెనీలో స్పానర్ పట్టుకుని లిఫ్ట్ మీదికెక్కిన మొదటి ఆడమనిషి ఆమే. బుధవారం ఆమె సర్వీసు చేసి సంతకం పెట్టిన లిఫ్ట్, గురువారం పొద్దున బోయిగూడలోని ఒక షాపింగ్ కాంప్లెక్సులో నాలుగో అంతస్తు నుంచి జారి అడుగున గుంతలో కూలబడింది. లోపలున్న మెకానిక్ దుర్గేష్ కాలు నుజ్జయింది. మధ్యాహ్నానికల్లా హిమజను సస్పెండ్ చేశారు. ఇవాళ సాయంత్రం కంపెనీ తన రిపోర్టు పోలీసులకు ఇవ్వబోతోంది. బ్రేకు స్ప్రింగు బిగించకుండా వదిలేసింది హిమజేనని అందులో ఉంటుంది. ఆ తర్వాత అరెస్టే.

“లిఫ్ట్ అంటే నాకు బటన్ నొక్కడం వరకే తెలుసు. అర్థమయ్యేలా చెప్పు,” అంది బ్యూలా.

హిమజ లేచి చున్నీ తీసింది. కుర్చీ వీపు మీదుగా వేసి ఒక కొసకు తాళాల గుత్తి, రెండో కొసకు నీళ్ళ సీసా కట్టింది. రెండింటినీ చేతులతో పట్టుకుంది.

“తాళాలు లిఫ్ట్ అనుకోండ్రి. సీసా ఎదురు బరువు. ఖాళీ లిఫ్ట్ కన్నా ఎదురు బరువు ఎప్పుడూ ఎక్కువనే ఉంటది. సగానికి జెర తక్కువ జనం ఎక్కితే రెండూ సమానమైతయి. ఇప్పుడు చూడుండ్రి, బ్రేక్ పోయింది.”

చేతులు వదిలేసింది. సీసా దబ్బున నేలను తాకింది. తాళాల గుత్తి ఎగిరి కుర్చీ అంచుకు కొట్టుకుంది.

బ్యూలా కళ్ళు మెరిశాయి. “మరి కిందికి రావాలంటే?”

“లోపల నిండా బరువుండాలె.”

“దుర్గేష్ ఒక్కడే ఉన్నాడు కదా!”

“ఒక్కడే ఉన్నడని వాళ్ళు అంటున్నరు.”

చిలకలగూడలో జిరాక్సు షాపు మీద ఆ చిన్న డిటెక్టివ్ ఆఫీసు పెట్టి నాలుగేళ్ళయింది. అంతకు ముందు బ్యూలా పోలీసు శాఖలో ఎస్సై. తప్పిపోయిన మనుషుల కేసులు, ఇన్సూరెన్సు మోసాల కేసులు చాలా చూసింది. ఇలాంటి మొదటి వాక్యం మాత్రం ఏ క్లయింటూ చెప్పలేదు.

“నీ మీద ఎవరికి కోపం?”

హిమజ తడుముకోలేదు. “హేమచంద్ర. మా ఆపరేషన్స్ హెడ్. నేను చేరిన రోజే మీటింగుల అందరి ముందర అన్నడు, ఈ మేడమ్ చేతికి గ్రీజు అంటితే బ్యూటీ పార్లర్ బిల్లు కంపెనీ కట్టాల్నా అని. అందరు నవ్విండ్రు. నేను సుత నవ్విన. నవ్వకుంటే పొగరు అంటరని.”

“తర్వాత?”

“తర్వాత నవ్వుడు బందైంది. నేను చేసిన పని వేరేటోళ్ళ పేరు మీద పోయింది. భుజం మీద చెయ్యి వేసుడు షురూ చేసిండు. అప్రైజల్ మాట్లాడాలె, శామీర్‌పేట రిసార్టుకు రా అన్నడు. రానన్న. ప్రమోషన్ ఆపిండు. నాకన్న ముందు ఇద్దరు అమ్మాయిలు నౌకరి ఇడిసిపెట్టి పోయిండ్రట. నేను పోను అనుకున్న. సోమవారం, ఆడోళ్ళ కంప్లైంట్లు చూసే కంపెనీ కమిటీకి కంప్లైంట్ ఇచ్చిన.”

“సోమవారం కంప్లైంట్. గురువారం లిఫ్ట్.” బ్యూలా స్కూటీ తాళం అందుకుంది. “పద. మీ కంపెనీ రిపోర్టు పోలీస్ స్టేషన్ చేరేలోపు ఆ లిఫ్ట్ చూడాలి.”

* * *

లిఫ్ట్ ముందు ఎర్ర రిబ్బను కట్టి ఉంది. రిబ్బను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని ఓంప్రకాశ్ కూర్చున్నాడు. రిటైరైన సర్కిల్ ఇన్‌స్పెక్టర్. ఇప్పుడు కంపెనీల తరఫున విచారణలు చేసిపెట్టే ఏజెన్సీ నడుపుతున్నాడు. బ్యూలా ఎస్సైగా అతని కిందే పనిచేసింది. ఆ కాలమంతా అతను ఆమెకు అప్పగించిన ముఖ్యమైన డ్యూటీ, స్టేషనుకు వచ్చిన పెద్దమనుషులకు టీలు చెప్పడం.

“ఏం బ్యూలా! సార్ అనుడు సుత మర్చిపోయినవా?”

“రాజీనామా ఇచ్చిన రోజే మర్చిపోయాను ఓంప్రకాశ్ గారూ. రిబ్బను మీరు తీస్తారా, నేను తీయనా?”

“గా పిల్ల సస్పెండైంది. ఇక్కడికి రావద్దు. నీకు సుత పని లేదు. తప్పు ఎవలదో తేలిపోయింది, రిపోర్టు టైపైంది. ఎందుకు పరేషాన్ అవుతవు?”

బ్యూలా ఫోన్ తీసి అతని కళ్ళ ముందు పెట్టింది. దారిలో ఫోన్ చేసి అడిగితే కాంప్లెక్సు యజమాని పంపిన మెసేజ్. ఇన్సూరెన్సు వాళ్ళతో తనకు గొడవ ఉందనీ, లిఫ్టును బ్యూలా పరిశీలించవచ్చనీ రాసి ఉంది.

ఓంప్రకాశ్ మొహం గంటు పెట్టుకుని కాలు దించాడు. “పిల్ల బయటనే ఉంటది.”

“ఉంటుంది. తలుపు మాత్రం తెరిచే ఉంచండి.”

బ్యూలా టార్చి వేసుకుని లోపలికి దిగింది. గుప్పుమని ఫినాయిల్ వాసన. రక్తం పడ్డ చోటు కడిగి ఉంటారు. కానీ నేలంతా కడిగారు, గోడలు కూడా మోకాలి ఎత్తు వరకు కడిగారు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని టార్చిని నేలకు ఆనించి అడ్డంగా వేసింది. పైనుంచి చూస్తే నున్నగా కనబడిన రబ్బరు షీటు మీద వెంటనే నీడలు లేచాయి. ఇటుకంత పొడవున్న గుంటలు, ఒకదాని పక్కన ఒకటి వరసగా. ఆమె గోటితో ఒక గుంట మూల గీకింది. వేలికి ఎర్రటి తుప్పు పొడి అంటింది.

“హిమజా! ఇటుక ఆకారంలో, చాలా బరువుండి, తుప్పు పట్టేది మీ కంపెనీలో ఏముంది?”

బయటి నుంచి జవాబు తటాలున వచ్చింది. “టెస్ట్ వెయిట్స్! ఇనుప దిమ్మెలు మేడమ్. లిఫ్ట్ ఎంత బరువు మోస్తదో పరీక్ష చేసేటందుకు లోపల పేరుస్తం. కొత్త లిఫ్ట్ పెట్టినప్పుడే వాడుతం. సర్వీసుకు అసలు తీసుకరాం.”

“వాడినవాళ్ళు లోపలే వదిలేస్తారా?”

“గోదాముకు తీసుకపోతరు.”

బ్యూలా బయటికి వచ్చి చుట్టూ చూసింది. మెట్ల కింద వాచ్‌మన్ పర్వతాలు నిలబడ్డాడు. ఆమె తన వైపు నడవగానే అతని చూపు ఓంప్రకాశ్ మీదికి పోయింది.

“నిన్న లిఫ్ట్ పడ్డాక ఇక్కడి నుంచి ఏమేం తీసుకెళ్ళారు?”

అతను తల దించుకుని తాళాలు తడుముకున్నాడు.

“పర్వతాలన్నా, జెర చెప్పే. నన్ను లోపలేస్తరు,” అంది హిమజ.

పర్వతాలు గొంతు సవరించుకున్నాడు. “కంపెనీ వ్యాన్ వచ్చిందమ్మా. పిలగాడు లోపల మొత్తుకుంటున్నడు. వాళ్ళు ముందుగాల ఇనుప దిమ్మెలు ఎత్తిండ్రు. తర్వాత పిలగాన్ని ఎత్తిండ్రు.”

ఓంప్రకాశ్ కుర్చీలోంచి లేచాడు.

“నాకెందుకు చెప్పలేదురా ఈ మాట?”

“మీరు అడగలే సారు. ఆ పిల్ల ఎవలతోని వచ్చింది, ఎవలతోని నవ్వుకుంట మాట్లాడింది, గదే అడిగిండ్రు.”

బ్యూలా ఓంప్రకాశ్ వైపు చూసింది.

అప్పుడే పై అంతస్తు నుంచి మెట్ల మీదుగా హేమచంద్ర దిగి వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో రిపోర్టు ఫైలు. హిమజను చూసి కూడా చూడనట్టు ముందుకొచ్చాడు.

“డిటెక్టివ్ గారా? మీలాంటి లేడీస్ ఈ ఫీల్డులోకి రావడం మంచిదే. ఇక్కడ మాత్రం మీకు పని లేదు. వెరీ సింపుల్ కేసు.”

“అయితే సింపుల్‌గా చెప్పండి. ఎలా పడింది?”

“బ్రేకు లూజుగా ఉంది. దుర్గేష్ ఎక్కాడు. బరువుకి జారింది. ఆడపిల్లకు స్పానర్ ఇస్తే ఇదే తంటా. చిన్న విషయానికి మనసు పాడు చేసుకుంటారు, పని మీద ధ్యాస ఉండదు. సోమవారం నుంచి ఈ అమ్మాయి ఈ లోకంలో లేదు.”

“సోమవారం ఏం జరిగింది?”

హేమచంద్ర ఫైలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“కంప్లైంట్ రహస్యంగా ఉంచుతామని కమిటీ ఆమెకు మాటిచ్చింది. మీకింకా నోటీసే రాలేదు. సోమవారం సంగతి మీ చెవిన వేసిందెవరు?”

“ఆఫీసన్నాక మాటలు తెలుస్తాయి.”

“సరే, అది వదిలేద్దాం. మీకు లిఫ్టుల్లో పాతికేళ్ళ అనుభవం. నాకో చిన్న సందేహం తీర్చండి. లోపల ఒక్క మనిషి ఉండి బ్రేకు జారితే, లిఫ్ట్ ఎటు పోతుంది?”

అతని కనుబొమ్మల మధ్య చెమట పుట్టింది. “టెక్నికల్ విషయాలు మీకు చెప్పినా అర్థం కావు.”

“నాకు వద్దు. ఓంప్రకాశ్ గారికి చెప్పండి. మీరు డబ్బిచ్చి పెట్టుకున్న మనిషే కదా!”

ఓంప్రకాశ్ కూడా అతని మొహం వైపే చూస్తున్నాడు. ఎందరో దొంగల మొహాలు చదివిన కళ్ళు అవి. హేమచంద్ర మాత్రం ఆ కళ్ళలోకి చూడలేదు. వాచీ చూసుకున్నాడు. మీటింగుందని గొణిగాడు. ఫైలు చంకలో ఇరికించుకుని దాదాపు పరుగున కారెక్కాడు.

“రిపోర్టు పట్టుకుని స్టేషనుకు పోవాల్సినోడు అటు దిక్కు ఎందుకు పోతుండు?” అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు ఓంప్రకాశ్. అది వినడానికి బ్యూలా అక్కడ లేదు. స్కూటీ అప్పటికే ఆస్పత్రి దారి పట్టింది.

* * *

దుర్గేష్ కాలు కట్టుతో పైకి వేలాడదీసి ఉంది. హిమజను చూడగానే గోడవైపు మొహం తిప్పుకున్నాడు.

“నొప్పి ఉందా?” అనడిగింది హిమజ.

ఆ ఒక్క మాటకు అతని భుజాలు కదిలాయి. తిట్టడానికి వస్తుందనుకున్నాడేమో.

బ్యూలా మంచం పక్కకు వచ్చింది. “దుర్గేష్, లిఫ్ట్ గుంతలో పడితే కాలు విరగొచ్చు. నుజ్జవ్వదు. నీ కాలి మీద ఇనుప దిమ్మెలు పడ్డాయి. వాటిని లోపల పెట్టింది నువ్వే. నిన్ను బయటికి తీయకముందే వాటిని తీసేశారు. నీకంటే వాటి విలువ ఎక్కువని నీకు తెలిసిపోయింది. ఇంకా ఎవరిని కాపాడుతున్నావు?”

అతను మొహం హిమజ వైపు తిప్పాడు. “అక్కా, మాఫ్ చెయ్యి,” అన్నాడు.

ఆ తర్వాత అడగాల్సిన అవసరం లేకుండా మాటలు వచ్చాయి.

“హేమచంద్ర సారే చెప్పిండు. స్ప్రింగు లూజ్ చెయ్యి, దిమ్మెలు నింపి మనుషులు లేకుండ లిఫ్ట్ వదులు, ఎవ్వలకు దెబ్బ తగలదు, ఆడపిల్ల చేసిన పని గిట్లుంటదని లోకానికి తెలుస్తది అన్నడు. నన్ను పర్మనెంట్ చేస్తన్నడు. ఆఖరి దిమ్మె పెట్టి బయటికి రాబోతుంటె జారింది అక్కా. నీ మీద నాకు కోపం లేదు. యేసయ్య తోడు, లేదు.”

“ఈ మాట పోలీసులకు చెప్తావా?” అంది బ్యూలా.

“చెప్త. కానీ ముందుగాల ఇంకో మాట వినుండ్రి.” దుర్గేష్ మోచేతుల మీద లేవబోయి నొప్పికి పళ్ళు బిగించాడు. “అక్కా, బుధవారం నువ్వు చిలకలగూడ లేడీస్ హాస్టల్ల సుత సర్వీసు చేసినవు గదా!”

హిమజ మంచం దగ్గరికి జరిగింది. “ఔ.”

“ఒక్కటైతే పొరపాటు అంటరు, రెండైతే ఇగ ఆ పిల్ల ఎక్కడ సుత నిలబడలేదు అన్నడు. అక్కడికి నేను పోలే. ఇయ్యాల పొద్దున సారే పోయి లూజ్ చేసి నాకు ఫోన్ల చెప్పిండు.”

“ఎంత?”

“నలుగురైదుగురికి ఆగుతది. నిండితే ఆగది.”

హిమజ గోడ గడియారం చూసింది. ఆరు కావస్తోంది. “ఆ హాస్టల్ల మెస్ ఐదో అంతస్తుల ఉన్నది మేడమ్. ఆఫీసుల నుంచి వచ్చినోళ్ళు అందరూ ఇప్పుడే పైకి పోతరు. నిండ ఎక్కుతరు. పైన తలుపులు తెరుచుకున్నంక, గడప దాటుతున్నప్పుడు లిఫ్ట్ జారితే...”

వాక్యం పూర్తి చేయలేదు. ఇద్దరూ పరుగెత్తారు.

* * *

దారంతా హిమజ వెనక కూర్చుని హాస్టల్ వార్డెన్ కమలాబాయికి ఫోన్ చేస్తూనే ఉంది. ఎత్తలేదు. బ్యూలా రెండు సిగ్నళ్ళు దాటేసింది, ఒక ఆటో డ్రైవర్ తిట్లు తిన్నది, హాస్టల్ గేటు ముందు స్కూటీకి స్టాండు కూడా వేయకుండా వదిలేసింది.

లిఫ్ట్ తలుపులు మూసుకుంటున్నాయి. లోపల కిటకిటలాడుతూ అమ్మాయిలు, టిఫిన్ డబ్బాలు, నవ్వులు.

“ఆపండి! దిగండి!” అని బ్యూలా అరిచింది. తలుపులు కలిసిపోయాయి. పైన ఎర్ర అంకె నత్తనడకన మారడం మొదలైంది.

“మీరు ఐదో అంతస్తుకు పోండ్రి. ఎవ్వరినీ దిగనియ్యకుండ్రి!” అంటూ హిమజ మెట్ల మీదికి దూకింది. ఐదో అంతస్తు దాటి, ఇనుప నిచ్చెన ఎక్కి, డాబా మీద మోటారు గది ముందుకు చేరింది.

గది తలుపు తెరిచే ఉంది.

లోపల హేమచంద్ర. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. రెండు చేతులతో స్పానర్ పట్టుకుని బ్రేకు నట్టు మీద వేలాడుతున్నాడు. బోయిగూడలో బ్యూలా అడిగిన ప్రశ్నతో భయపడి, చేసిన పని చెరిపేయడానికి వచ్చాడు. కానీ ఏళ్ళ తరబడి ఏసీ గదిలో కూర్చున్న చేతులకు ఆ నట్టు సరిగా లొంగడం లేదు. పైగా కంగారులో అతను దాన్ని బిగించబోయి ఇంకా వదులు చేస్తున్నాడు.

మోటారు ఆగింది. లిఫ్ట్ ఐదో అంతస్తు చేరింది. బ్రేకు దవడలు చక్రాన్ని పట్టుకోబోయి పట్టు చాలక గీరుకున్నాయి. చక్రం మెల్లగా వెనక్కి తిరగడం మొదలైంది.

“జరుగుండ్రి సార్!”

“నువ్వు ముట్టుకోకు! నీకు అథారిటీ...”

హిమజ భుజంతో ఒక్క తోపు తోసింది. అతను వెళ్ళి గోడకు తగిలాడు. ఆమె మెయిన్ స్విచ్ దించింది, కింద పడ్డ స్పానర్ అందుకుంది, మొదటి నట్టుకు వేసి ఒంటి బరువంతా మోపి లాగింది. చక్రం ఇంకా తిరుగుతోంది. మరో లాగు. రెండో వైపు నట్టు. కాలిన రబ్బరు వాసన లేచింది. మరో లాగు.

కింద ఐదో అంతస్తులో అప్పటికే తలుపులు తెరుచుకున్నాయి. ముందున్న అమ్మాయి కాలు గడప దాటుతోంది. బ్యూలా ఎదురెళ్ళి రెండు చేతులతో ఆమెను లోపలికి నెట్టింది. “కదలొద్దు! ఎవరూ కదలొద్దు!” లిఫ్ట్ నేల గడప నుంచి జారి కిందికి పోతోంది. బెత్తెడు. మూరెడు. అమ్మాయిల కేకలు. ఆ అమ్మాయి నడుము దాకా దిగిపోయాక పైనుంచి కీచుమని చెవులు చిల్లులు పడే శబ్దం వచ్చింది.

లిఫ్ట్ ఆగింది. ఊగింది. మళ్ళీ కదల్లేదు.

“పట్టుకుంది!” పైనుంచి హిమజ కేక. “దించుండ్రి మేడమ్, ఇప్పుడు ఒక్కొక్కరిని దించుండ్రి! ఎటూ పోదు!”

పరుగున వచ్చిన కమలాబాయి, బ్యూలా కలిసి అమ్మాయిలను చేతులు పట్టి పైకి లాగారు. ఆఖరి అమ్మాయి నేల మీద నిలబడ్డాక బ్యూలా నిచ్చెన ఎక్కింది.

మోటారు గదిలో హేమచంద్ర అప్పటికే సర్దుకున్నాడు. “చూశారా! ఈమె వదిలేసిన బ్రేకే ఇది కూడా. అనుమానం వచ్చి నేనే స్వయంగా కాపాడటానికి వచ్చాను.”

“కాపాడనీకి వచ్చినోడు ముందు లిఫ్ట్ బంద్ చేస్తడు సార్.”

మాట డాబా వైపు నుంచి వచ్చింది. ఓంప్రకాశ్. గది వెనక కిటికీ దగ్గర్నుంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు, చేతిలో ఫోను.

“వార్డెన్‌కు చెప్పకుండ, వెనక మెట్లెక్కి, దొంగ లెక్క లోపలికి పోయిండ్రు. మీ కారు వెనకనే వచ్చిన. నట్టు ఎటు తిప్పుతున్నరో సుత వీడియో తీసిన.”

“మీకు డబ్బిస్తున్నది నేను!”

“తెలుసు. వాపస్ ఇస్త.” ఓంప్రకాశ్ బ్యూలా వైపు తిరిగాడు. ఆమెతో ఎప్పుడూ మాట్లాడని గొంతుతో అన్నాడు. “కేసు నీది బ్యూలా. నన్ను సాక్షిగ రాసుకో.”

హేమచంద్ర జేబులో ఫోన్ మోగింది. అతను తీసే లోపే ఓంప్రకాశ్ లాక్కుని బ్యూలాకు అందించాడు. రెండో చేత్తో అతని నోరు మూశాడు. తెర మీద పేరు లేదు, ‘కె’ అన్న ఒక్క అక్షరం ఉంది. బ్యూలా ఫోన్ ఎత్తి స్పీకర్ పెట్టింది. ఏమీ మాట్లాడలేదు.

“హేమా, ఆ హాస్టల్ పని ఇక వదిలేయ్,” అంది మెత్తటి ఆడగొంతు. “అవసరం లేదు. నేను నేరేడ్‌మెట్‌లో ఆ అమ్మాయి ఇంట్లోనే ఉన్నా. వాళ్ళమ్మ పాపం ఒకటే ఏడుపు. కంప్లైంట్ వెనక్కి తీసుకుంటే కేసు లేకుండా చూస్తానన్నా. నమ్మింది. కూతురికి ఫోన్ చేస్తానంటోంది. రాగానే సంతకం పెట్టించేస్తా. సరేనా? ఉంటా.”

లైను కట్టయింది.

హిమజ చేతిలోని స్పానర్ మెల్లగా కిందికి దిగింది.

“ఎవరిది ఆ గొంతు?” అనడిగింది బ్యూలా.

“కల్పలత మేడమ్. కమిటీకి పెద్ద ఆమెనే. సోమవారం నా రెండు చేతులు పట్టుకొని, నువ్వు నా బిడ్డ లెక్క, భయపడకు అన్నది. ఆ రాత్రి నాకు మంచిగ నిద్ర పట్టింది మేడమ్. చానా రోజుల తర్వాత.”

అంతలో ఆమె ఫోన్ మోగింది. తెర మీద ‘అమ్మ’.

హిమజ ఒకసారి కళ్ళు మూసుకుంది. గ్రీజు అంటిన బొటనవేలితో ఫోన్ ఎత్తింది.

“ఆఁ అమ్మా, తెలిసింది. వస్తున్న. సంతకమా? పెడుత, ఎందుకు పెట్టను. అమ్మా, ఆ మేడమ్‌ను మంచిగ కూసోబెట్టు. వంకాయ కూర వండు. అన్నం తినకుండ పోవద్దని గట్టిగ చెప్పు.” అప్పటికే ఆమె బ్యూలాకు, హేమచంద్ర చెయ్యి పట్టుకున్న ఓంప్రకాశ్‌కు సైగ చేసి నిచ్చెన వైపు నడుస్తోంది. “నాతోని ఇద్దరు పెద్దమనుషులు సుత వస్తున్నరు.”